మూడు మెట్ల ఏడుపు

ఆవిడ అసలు పేరు స్టూడియో రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. నిర్మాత మొదలుకుని గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ డబ్బింగక్క. తెర మీద పెదవులు ఏ అందగత్తెవైనా మాట మాత్రం ఆవిడది. ఇరవై ఏళ్ళ పిల్లకి ఇరవై ఏళ్ళ గొంతు, నలభై ఏళ్ళ వదినకి నలభై ఏళ్ళ గొంతు ఇచ్చేది. అయితే జనం నోళ్ళలో నానింది ఆవిడ మాట కాదు, ఏడుపు. బస్సులో పక్కనే కూర్చున్నా ఆవిడ ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. ఏడిస్తే మాత్రం వీధి వీధంతా గుర్తుపట్టేది. అది ఎంత పెద్ద ఇబ్బందో ఆవిడకి చాలా ఆలస్యంగా తెలిసింది.

పన్నెండేళ్ళప్పుడు ఆవిడ నాన్న పోయాడు. అచ్చు ప్రెస్సులో పని చేసేవాడు. పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి లేడు. గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. వచ్చినవాళ్ళంతా ఏడ్చారు, అమ్మ మాత్రం ఏడవలేదు. బంధువులు చెవులు కొరుక్కున్నారు కూడా. అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాక, నాలుగో రోజున అమ్మ ఉతికిన బట్టలు ముందేసుకుని మడత పెడుతూ నాన్న చొక్కా దగ్గర ఆగింది. మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. అప్పుడు అమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. దాన్ని ఏడుపు అనడానికి లేదు. చెక్క సొరుగు బిగుసుకుపోయి సగంలో ఆగినప్పుడు వచ్చే చప్పుడులాంటిది. పొడిగా, పొట్టిగా, ఒక్కసారే. తర్వాత అమ్మ చొక్కాని బీరువాలో పెట్టి, "తమ్ముడు లేచాడేమో చూడు" అంది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పిల్ల చెవుల్లో ఆ చప్పుడు అలాగే ఉండిపోయింది.

డబ్బింగులోకి రావడం అనుకుని వచ్చింది కాదు. రేడియోలో చిన్నచిన్న వేషాలకి గొంతు ఇస్తుంటే ఎవరో స్టూడియోకి తీసుకెళ్ళారు. మూడేళ్ళు కథానాయిక స్నేహితురాళ్ళకీ, నర్సులకీ, గుంపులో అరిచే ఆడవాళ్ళకీ గొంతిచ్చింది. ఇరవై ఆరో ఏట మొదటిసారి కథానాయిక గొంతు దక్కింది. దర్శకుడు సన్నటి మనిషి. ఎదుటివాళ్ళు ముందుకి వంగితే తప్ప ఆయన మాట వినపడేది కాదు. సినిమా చివర్లో కథానాయిక భర్త శవం ఇంటికి వస్తుంది. అంతా ఆ సన్నివేశం మీదే నిలబడి ఉంది.

"ఏడవకండి. ఏడవడం చేతకాని మనిషి ఏడవబోతే ఎలా ఉంటుందో, అది కావాలి" అన్నాడు దర్శకుడు.

ఆవిడ మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. చొక్కా కనిపించింది. గొంతులోంచి సొరుగు చప్పుడు వచ్చింది.

అద్దం అవతల రికార్డిస్టు చెవులకి పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టేశాడు. అప్పటికి కుర్రవాడే, ఆవిడ కంటే రెండేళ్ళు చిన్న. బయటికి వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "ఇంకో టేకు వద్దక్కా. నేను వినలేను" అన్నాడు. దర్శకుడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ప్రివ్యూకి ఆవిడ అమ్మని తీసుకెళ్ళింది. సినిమా కొనేవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ కలిసి హాలు నిండింది. ఆ సన్నివేశం వచ్చింది. శవం దించారు. కథానాయిక పెదవులు విడివడ్డాయి. ఆ చప్పుడు వచ్చింది. అంతే. హాలంతా ఇంకేదో వస్తుందని చూసింది. రాలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకాయన దగ్గాడు. ముందు వరసలోంచి ఎవరో, "పాపం, హీరోయిన్‌కి జలుబు చేసినట్టుంది" అన్నారు. నవ్వులు వెనక దాకా పాకాయి.

అమ్మ చెయ్యి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. గాజులు లేని చోట గోళ్ళు దిగాయి. సినిమా అయ్యేదాకా వదల్లేదు.

ఇంటికెళ్ళే బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని, "అది నాది కదే" అంది.

"అవునమ్మా."

అమ్మ ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

మర్నాడు నిర్మాత కబురు పెట్టాడు. లావుపాటి మనిషి, మంచివాడు. పనివాళ్ళకి ముందు భోజనం పెట్టించి తర్వాత తను తినే రకం. ఆయన కోప్పడి ఉంటే ఆవిడకి సులువుగా ఉండేది. కోప్పడలేదు.

"అమ్మా, నువ్వు చేసింది గొప్పగా ఉంది. నాకు తెలియక కాదు. కానీ ఒక్కటి ఆలోచించు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చే మనిషికి ఇంట్లో ఏడవడానికి చోటు ఉండదు. అత్త చూస్తుంది, పిల్లలు చూస్తారు. చీకట్లో కూర్చుని ఏడ్చిపోదామని ఇక్కడికి వస్తుంది. నీ ఏడుపు విని ఆవిడ నోరెళ్ళబెడుతుంది తప్ప ఏడవదు. ఆవిడకి కాస్త చెయ్యందించాలి కదా?"

"ఒక్క చోటైనా ఉండనివ్వండి సార్" అన్నాడు పక్కనే నిలబడ్డ దర్శకుడు. ఆయన ఎంత నెమ్మదిగా అన్నాడంటే, నిర్మాత "ఆ?" అని అడిగాడు. రెండోసారి అనడానికి దర్శకుడికి నోరు రాలేదు.

ఆవిడ మళ్ళీ మైకు ముందుకి వెళ్ళింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వంటకి దినుసులు కొలిచినట్టు కొలిచి చేసింది. ముందు ఊపిరి లోపలికి లాగి ఆపాలి. తర్వాత పేరు పిలవబోయి సగంలో తుంచెయ్యాలి. ఆ తుంచిన చోటు నుంచి గొంతు పైకి లేచి, అందినంత ఎత్తులో విరిగిపోవాలి. రెండు టేకుల్లో కుదిరింది. రికార్డిస్టు వేలితో గాలిలో మెట్లు గీసి, "మూడు మెట్ల ఏడుపక్కా ఇది. పడితే ఎవరైనా పడాల్సిందే" అన్నాడు.

పడ్డారు. సినిమా విడుదలైన రోజు నుంచీ ఆ సన్నివేశం దగ్గర హాలు హాలంతా ముక్కులు ఎగబీల్చేది. మొదటి మెట్టుకే కొందరు, మూడో మెట్టుకి మిగిలినవాళ్ళు. మగవాళ్ళు బూటు తాడు కట్టుకునే నెపంతో వంగేవాళ్ళు. ఆవిడ అమ్మని మళ్ళీ తీసుకెళ్ళింది. ఈసారి అమ్మ చెయ్యి పట్టుకోలేదు. బయటికి వచ్చాక, ఎండకి కళ్ళు చికిలించి, "ఇది నయమే. ఇది ఎవరిదీ కాదు" అంది.

ఆ మాట ఆవిడకి ఏళ్ళ తరబడి కొరుకుడు పడలేదు. అమ్మ మెచ్చుకుందా, దెప్పిందా? అడుగుదామని ఎన్నోసార్లు అనుకుంది. గిన్నెలు తోముతున్నప్పుడు అనుకుంది, అమ్మ జుట్టు దువ్వుతున్నప్పుడు అనుకుంది. ఒకవేళ "దెప్పానే" అంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఊరుకుంది.

ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. సినిమాల తర్వాత సీరియళ్ళు వచ్చాయి. సీరియల్ అంటే వారానికి అయిదు రోజులు ఏడుపు. ఆవిడ టీ కప్పు చేతిలో పట్టుకునే మూడు మెట్లూ ఎక్కి దిగి, మిగిలిన టీ చల్లారకముందే తాగేది. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే బిత్తరపోయేవాళ్ళు. "ఏముందమ్మా, కుట్టుమిషను మీద కుట్టు లాంటిదే" అని నవ్వేది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక సినిమా అడ్డం పడింది. కొన్నాళ్ళకి మాట రావడమే మానేసింది. తమ్ముడు పెళ్ళి చేసుకుని ఊరికి అటు చివర కాపురం పెట్టాడు. రెండో అంతస్తు ఇంట్లో తనూ అమ్మా మిగిలారు.

అమ్మ ఒక ఉదయం కుర్చీలో కూర్చుని వేడినీళ్ళు తాగుతూ పోయింది. గ్లాసు ఒళ్ళోనే ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు.

తమ్ముడూ, మరదలూ వచ్చారు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. ముందు గదిలో అమ్మని పడుకోబెట్టారు. తలుపు బార్లా తీసి ఉంది, మెట్ల మీద కూడా మనుషులు నిలబడ్డారు. ఆవిడ అమ్మ తల దగ్గర కూర్చుంది. అప్పటిదాకా కన్ను తడవలేదు. తమ్ముడు వచ్చి అమ్మ పాదాల మీద తల ఆనించి, "అమ్మా, లే" అన్నాడు, చిన్నప్పుడు బడి రోజున అమ్మని లేపినట్టు. ఆ మాటకి ఆవిడ గుండె కదిలిపోయింది. నోరు తెరిచింది.

ఊపిరి లోపలికి వెళ్ళి ఆగింది. "అమ్..." అని సగంలో తెగింది. గొంతు పైకి లేచి, అందినంత ఎత్తులో విరిగింది.

తు.చ. తప్పకుండా అదే. ఆవిడ కావాలని చేసింది కాదు. ఆ గొంతుకి ఇంకో దారి తెలియలేదు. అంతకంటే ఘోరం, అదే క్షణంలో ఆవిడ బుర్రలో ఏదో మూల, 'రెండో మెట్టు కాస్త సాగింది' అనుకుంది.

మెట్ల మీద నుంచి ఒక ముసలాయన గొంతు విసుగ్గా వినిపించింది. "ఆ టీవీ కట్టెయ్యండమ్మా ఎవరైనా! మనిషి పోయిన ఇంట్లో సీరియలేంటి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తమ్ముడు తల ఎత్తి అక్క వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వు నిజంగానే ఏడుస్తున్నావా అని అడుగుతున్నట్టుంది. మరదలు లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మని తీసుకెళ్ళే బండి వచ్చేదాకా, వెళ్ళేదాకా, ఆ చెయ్యి తియ్యలేదు.

పదిహేను రోజులకి పనిలోకి వెళ్ళింది. మాటలన్నీ బాగానే చెప్పింది. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి తెర మీద అమ్మాయి పెదవులు కదిలాయి, ఆవిడ గొంతు కదల్లేదు. నాలుగు టేకులయ్యాయి. రికార్డిస్టుకి ఇప్పుడు తల నెరిసింది, అద్దాలొచ్చాయి. అతను మైకులో మెల్లిగా, "ఇంటికెళ్ళండక్కా. పాతవి ఉన్నాయి, నేను సర్దుకుంటాను" అన్నాడు. పాతవి అంటే ఏమిటో ఆవిడ ఆ రోజు పట్టించుకోలేదు.

నెల తర్వాత పట్టించుకోవలసి వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర. వంటగదిలో గిన్నె కడుగుతోంది. ఎదురింటి కిటికీలోంచి తన ఏడుపు వినిపించింది. అది కొత్త సీరియల్. అందులో ఆవిడ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎదురింటి తర్వాత పక్కింటి టీవీలో అర క్షణం వెనకగా అదే. కింద ఇంట్లో ఇంకాస్త వెనకగా అదే. మూడిళ్ళలోంచి తన గొంతు తననే తరుముతున్నట్టు ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కింది. తనే ఏడుస్తున్నానా అన్న అనుమానం వచ్చి ఆవిడ తడి చేత్తో చెంప తాకి చూసుకుంది. ఆ తడి చేతిదో కంటిదో కాసేపటిదాకా తేల్చుకోలేకపోయింది. చేతిదే.

ఆ తర్వాత రోజూ రెండున్నరకి అంతే. తలుపులు వేసుకున్నా వచ్చేది. చెవులు మూసుకుంటే లోపలి నుంచి వచ్చేది. ఒకరోజు తట్టుకోలేక తిన్నగా స్టూడియోకి వెళ్ళింది.

రికార్డిస్టు దాచలేదు. కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు. వరసగా పేర్లు. 'భర్త పోయినప్పుడు, పెద్దది.' 'భర్త పోయినప్పుడు, పక్కన అత్త ఉంటే.' 'బిడ్డ దొరికినప్పుడు.' 'అబద్ధం ఏడుపు, విలన్ వదిన.' 'వెక్కిళ్ళు, అయిదు.' నూట నలభై దాకా ఉన్నాయి.

"ఇవన్నీ నేనేనా?"

"మీరే అక్కా. వంద సీరియళ్ళకి సరిపోతాయి."

"తీసెయ్యి."

"అవి కంపెనీవక్కా. తీస్తే నన్ను తీసేస్తారు." అతను తెర మళ్ళీ తన వైపు తిప్పుకుని, "అయినా ఎందుకక్కా తియ్యడం? ఇంత బాగా ఇంకెవరు ఏడుస్తారు?" అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు, అందుకే ఆవిడకి తిట్టాలనిపించలేదు.

"మొదటిది ఉందా? జలుబు అన్నారే, అది?"

అతను తల వంచుకున్నాడు. "ఆ టేపు మీదే రెండోది ఎక్కించాం. అప్పట్లో టేపులకి కరువు కదా."

"అయితే కిందెక్కడో ఉంటుంది."

"ఉండదక్కా. ఒకటి ఎక్కితే ఒకటి పోతుంది."

ఆవిడ తల ఊపి వచ్చేసింది. బస్సులో ఒకటే ఆలోచన. అమ్మది చెరిపేసి ఆ చోట తనది పెట్టింది తనే. ఆ సంగతి తెలిసే అమ్మ చనిపోయిందా?

మర్నాడు మధ్యాహ్నం కింద ఇంట్లో టీవీ మరీ పెద్దగా మోగింది. ఆ ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఏడాదిగా ఉంటున్నా నవ్వుకోవడం తప్ప మాటలు పెద్దగా లేవు. డబ్బింగక్క దిగి వెళ్ళి తలుపు కొట్టింది.

"కాస్త సౌండు తగ్గిస్తారా?"

"అయ్యో, వినపడుతోందా అక్కా! మిషను చప్పుడులో నాకు తెలియలేదు. రండి లోపలికి." కుట్టుపనావిడ టీవీ తగ్గించి, కుర్చీ మీద బట్టలు తీసి చోటు చేసింది. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు. అవి తీసి గుడ్డకి గుచ్చి, తెర వైపు చూపించింది. "ఈ అమ్మాయి ఏడుపు చూశారా? ఇంత చిన్నపిల్ల, ఎంత బాగా ఏడుస్తుందో!"

తెర మీద అమ్మాయికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో.

"బాగానే ఏడుస్తోంది" అంది డబ్బింగక్క.

"మీకు చెబితే నవ్వుతారేమో." కుట్టుపనావిడ గొంతు తగ్గించింది, గదిలో ఎవరూ లేకపోయినా. "నాకొక కొడుకు ఉండేవాడు. కట్టే బిల్డింగు మీద నుంచి పడిపోయాడు. నాలుగేళ్ళయింది. ఎనిమిది నెలలు నాకు కంట చుక్క రాలేదు. రాయిలా ఉందే అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు కాజాలు కుడుతుంటే ఇదిగో, ఇలాంటి ఏడుపే టీవీలో వచ్చింది. ఎవరిదో కథ, ముందూ వెనకా తెలియదు నాకు. ఆ ఏడుపు పట్టుకుని నేనూ ఏడ్చాను. సాయంత్రం దాకా ఏడ్చాను. అప్పటి నుంచి వాడు గుర్తొచ్చినప్పుడల్లా ఇది పెట్టుకుంటాను."

తెర మీద మళ్ళీ ఆ అమ్మాయి నోరు తెరిచింది. మొదటి మెట్టు. కుట్టుపనావిడ ఊపిరి లోపలికి తీసుకుంది. రెండో మెట్టు. ఆవిడ కూడా ఎవరినో పిలవబోయి ఆగింది. మూడో మెట్టు దగ్గర టీవీలో గొంతు పైకి లేచింది. కుట్టుపనావిడది లేవలేదు. పక్కకి జారి, బొంగురుగా, మొరటుగా, వినేవాళ్ళకి సిగ్గనిపించే చప్పుడు ఒకటి వచ్చింది. అది డబ్బింగక్క నేర్పింది కాదు. ఎవరూ నేర్పింది కాదు. ఏ మైకు ముందైనా ఎవరైనా 'ఇంకో టేకు' అనేవాళ్ళే.

డబ్బింగక్క అది పూర్తయ్యేదాకా కూర్చుంది. ఆ గొంతు తనదని చెప్పలేదు. లేచేటప్పుడు, "సౌండు ఎంతున్నా పర్వాలేదు, పెట్టుకోండి" అని మాత్రం అంది.

మూడు నెలలకి ఒక చిన్న సినిమాకి పిలుపు వచ్చింది. దర్శకురాలు కొత్తమ్మాయి, నిర్మాత ఆ మొదటి సినిమా నిర్మాత కొడుకు. తల్లి పోయిన ఒక టీచరు ఏడవాలి. దర్శకురాలికి ఏడుపు అసలు వద్దు. నిర్మాతకి మూడు మెట్లూ కావాలి. ఇద్దరూ ఆవిడ ముందే కీచులాడుకున్నారు.

"మెట్లు ఎక్కుతాను, ఇప్పుడు వస్తుంది" అంది ఆవిడ. "కానీ మొదటి మెట్టుకి ముందు మూడు సెకన్లు ఏమీ ఉండకూడదు. పాట వద్దు, గాలి చప్పుడు వద్దు, ఏమీ వద్దు."

"మూడు సెకన్లా! హాల్లో మిషను చెడిపోయిందనుకుంటారక్కా" అన్నాడు నిర్మాత.

"అనుకోనీ."

"ఒకటి."

"రెండు."

"ఒకటిన్నర. ఇంక అడక్కండి." రికార్డిస్టు అద్దం అవతల నవ్వాపుకున్నాడు. ఒకటిన్నరకి ఖాయమైంది. ఆవిడ మెట్లెక్కింది, కానీ మూడోది విరగనివ్వలేదు, దించేసింది. నిర్మాత ముఖం చిట్లించి, సరేలే అన్నాడు.

ఆ సినిమా గొప్పగా ఆడలేదు, పోనూ లేదు. ఆవిడ ఒక మధ్యాహ్నం ఒక్కతే వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. హాలు సగం నిండింది. ఆ చోటు వచ్చింది. చప్పుడంతా ఆగిపోయింది. ఒకటిన్నర సెకను. ముందు ఎవరో ప్యాకెట్టు చింపారు. ఒకాయన మెడ తిప్పి పైన మిషను గది వైపు చూశాడు. ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాక ఆవిడ అమ్మ కోసం ఇప్పటికీ ఏడవలేదు. ఇకముందు ఏడుస్తుందన్న నమ్మకమూ లేదు. ఏడిస్తే ఏది వస్తుందో అన్న భయం అలాగే ఉంది. ఆ ఒకటిన్నర సెకను మాత్రం ఊపిరి పీల్చకుండా విన్నది, ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు. ఎవరూ పలకలేదు. తర్వాత తెర మీద టీచరు ఏడ్చింది. రెండు వరసల ముందు ఒకావిడ ముక్కు ఎగబీల్చింది, ఇంకొకావిడ గడియారం చూసుకుంది.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే ఆవిడ స్టూలు మీద కూర్చుని, "ఎలా ఉందమ్మా సినిమా? బాగా ఏడిపించారా?" అని అడిగింది.

డబ్బింగక్క చెప్పులోకి దూరిన ఇసుక దులుపుకుంటూ ఆగింది.

"అక్కడక్కడా" అని, ఎండలోకి దిగి బస్సు కోసం నడిచింది.